ఈజిప్టు గుడిగోడల చెక్కడాలకు ఫోటోలున్నా మళ్ళీ బొమ్మలు గీయడం ఎందుకు?

గీత ఏదో, పగులు ఏదో ఫోటోకి తెలీదు. ఉలి గాటు, ఉప్పు పొంగి రాలిన పెచ్చు, తర్వాతివాళ్ళు తొలిచిన గుంట అన్నీ ఒకే నీడలా పడతాయి. అందుకే 1924లో లక్సర్ దగ్గరి మెడినెట్ హాబు గుడితో పని మొదలుపెట్టిన చికాగో విశ్వవిద్యాలయం వారి చికాగో హౌస్ బృందం ఫోటో మీదే బొమ్మ గీసే పద్ధతి పెట్టుకుంది.

ఆ పద్ధతిలో పెద్ద ఫిల్ము కెమెరాతో ఫోటో తీసి, పెద్ద ప్రింటు వేసేవారు. చిత్రకారుడు గోడ ముందే దాని మీద పెన్సిల్ గీతలు పెట్టేవాడు. స్టూడియోలో సిరాతో దిద్దాక రసాయనంతో ఫోటోను చెరిపేస్తే గీతలే మిగిలేవి. వెలుగు ఎడమ పైమూల నుంచి వస్తోందని లెక్క: లోపలికి చెక్కిన బొమ్మకు ఎడమ, పై అంచులు లావుగా, ఉబ్బెత్తు బొమ్మకు కుడి, కింది అంచులు. ఇది తారుమారైతే గుంట ఉబ్బెత్తుగా కనిపిస్తుంది.

అసలు శ్రమంతా సరిచూడటంలోనే. బొమ్మ నకలును ముక్కలు చేసి కాగితాలకు అంటించి, లిపి నిపుణులు ఒకరి తర్వాత ఒకరు గోడ దగ్గర అద్దంతో, టార్చితో ఏటవాలు వెలుగు వేసి గీత గీతా పోల్చి చూసేవారు. రాలిపోయిన అక్షరాన్ని ఊహించి నింపకూడదు; కనబడినంతే గీయాలి. రంగు మిగిలిన చోట పాతకాలపు తడికాగితం అచ్చు (తడి కాగితాన్ని చెక్కడం మీద అదిమి తీసేది) అసలే వద్దు, కాగితంతో పాటే రంగూ ఊడొస్తుంది.