కామిక్స్ పంపిణీ సంస్థ డైమండ్ దివాలాతో అమెరికా కామిక్స్ షాపులకు వచ్చిన చిక్కేమిటి?

చిక్కు సరుకు కొనే పద్ధతిలోనే ఉంది. మామూలు పుస్తకాల షాపు అమ్ముడుపోనివి వెనక్కి పంపగలదు, కామిక్స్ షాపు సాధారణంగా పంపలేదు. 4 డాలర్ల సంచికను సగం ధరకు 10 కాపీలు తెప్పిస్తే, 5 అమ్ముడైతేనే పెట్టుబడి వెనక్కొస్తుంది. అద్దె, రవాణా ఖర్చు దానికి అదనం. అందుకే ఆర్డర్‌లో అంకె మార్చుకునే చివరి తేదీ, అంటే ‘ఫైనల్ ఆర్డర్ కటాఫ్’, షాపుకి ప్రాణం. అది విడుదలకు కొన్ని వారాల ముందే వచ్చేస్తుంది.

ఒకప్పుడు దాదాపు సరుకంతా డైమండ్ నుంచే వచ్చేది. పెద్ద ప్రచురణ సంస్థల్లో 2020లో డీసీ, 2021లో మార్వెల్, 2023లో ఇమేజ్ వేరే పంపిణీదారులను చూసుకున్నాయి. 2025 జనవరిలో డైమండ్ అమెరికా దివాలా చట్టంలోని చాప్టర్ 11 కింద అప్పుల నుంచి రక్షణ కోరుతూ కోర్టుకెక్కింది. ఇప్పుడు షాపు రెండు మూడు చోట్ల ఆర్డర్ పెట్టాలి, కటాఫ్‌లు విడి, రవాణా బిల్లులు విడి.

అసలు దెబ్బ చిన్న ప్రచురణకర్తలకే తగిలింది. అమ్మాక డబ్బిచ్చే ఒప్పందం మీద డైమండ్ గోదాముల్లో పెట్టిన వాళ్ల పుస్తకాలను కూడా తన అప్పులు తీర్చేందుకు అమ్ముకోనివ్వమని డైమండ్ కోర్టును కోరింది. ఇది చాలా అన్యాయం. చిన్న సంస్థల పుస్తకాలు కావాలంటే కటాఫ్‌కి ముందే షాపులో పేరు రాయించండి. ఆ తర్వాత అడిగితే కాపీ దొరుకుతుందన్న భరోసా లేదు.