వడ్డీకి తెచ్చి ఏడాది ఇంజెక్షన్లు ఒకేసారి కొనొచ్చా?

ప్రశ్న: గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమాస్తాగా పనిచేస్తున్నాను. నా జీతం, నా భార్య కుట్టుపని కలిపి నెలకు రూ. 57,000 వస్తుంది. ఇంటి ఖర్చు రూ. 29,000. మా బాబుకు ఎనిమిదేళ్లు, బరువు 25 కిలోలు. ఒంట్లో యాంటీబాడీలు తయారుకాని ఎక్స్ లింక్డ్ అగామాగ్లోబ్యులినీమియా ఉంది. 28 రోజులకోసారి 10 గ్రాముల ఇమ్యునోగ్లోబ్యులిన్ (బయటి నుంచి ఇచ్చే యాంటీబాడీల మందు) ఎక్కిస్తారు. 5 గ్రాముల వయల్ (చిన్న మందు సీసా) రూ. 9,000 చొప్పున రెండు, ఆసుపత్రి ఖర్చు రూ. 3,500. ఏడాది సరుకు ఒకేసారి తీసుకుంటే డీలరు పది శాతం తగ్గిస్తానన్నాడు. అందుకు తెలిసినాయన నూటికి మూడు రూపాయల వడ్డీకి రూ. 2,10,000 సర్దుతానన్నారు. రూ. 1,50,000 ఎఫ్‌డీ ఉంది కానీ అది పాప పెళ్లికని పక్కన పెట్టాం. తీసుకోమంటారా?

జవాబు: తీసుకోవద్దు. ఎడతెగని వైద్యం ఉన్న ఇళ్లలో చాలామంది చేసే పొరపాటే ఇది. డిస్కౌంటు కనిపిస్తుంది, వడ్డీ కనిపించదు.

లెక్క చూడండి. ఏడాదికి పట్టే 26 వయల్స్ మీద మీకు మిగిలేది రూ. 23,400. అసలును పన్నెండు సమాన వాయిదాల్లో ఒక్క నెల కూడా తప్పకుండా తీర్చినా వడ్డీ రూ. 40,950 అవుతుంది. అసలు కదలకపోతే ఏడాదికి రూ. 75,600. అంటే ఎనిమిది వయల్స్ డబ్బు. నూటికి మూడంటే ఏడాదికి 36 శాతం. బిడ్డ మందు కోసం ఆ రేటుకు అప్పు చేయమని ఎవరు చెప్పినా వినకండి.

పైగా ఈ మందు నిల్వ పెట్టుకునే సరుకు కాదు. చాలా బ్రాండ్లను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, గడ్డకట్టకూడదు. గుంటూరు ఎండల్లో ఒక మధ్యాహ్నం కరెంటు పోయి ఫ్రిజ్ వేడెక్కితే ఎన్ని వయల్స్ పాడయ్యాయో బయటికి తెలియదు. ఇంట్లో ఉంచిన వయల్ ఎక్కించడానికి డాక్టరు ఒప్పుకోకపోవచ్చు, డీలరు వెనక్కి తీసుకోడు. బ్రాండు పడక రియాక్షన్ వచ్చి మార్చమంటే మిగిలిన సరుకంతా వృథా.

మీరు అడగనిది, నాకు ఎక్కువ ఆందోళన కలిగించినది ఇంకోటుంది. 28 రోజులకోసారి అంటే ఏడాదికి పన్నెండు కాదు, పదమూడు డోసులు. రూ. 21,500 చొప్పున రూ. 2,79,500. నెలకు రూ. 23,300 పక్కన పడాలి. నెలకొక డోసని లెక్కేసుకున్న ఇళ్లలో ఆ పదమూడోది వచ్చిన నెలే చేబదులు మొదలవుతుంది. ఇక డోసు బరువును బట్టి పెరుగుతుంది. కిలోకు 400 మిల్లీగ్రాముల లెక్కన బాబు 35 కిలోలకు వచ్చేసరికి 14 గ్రాములు కావాలి, అంటే మూడు వయల్స్. అప్పుడు నెలకు రూ. 33,000 దాటుతుంది. ఇప్పుడు మీకు మిగిలేదే రూ. 28,000. ఈ స్థితిలో నెత్తిన అప్పు ఉంటే మొదట వాయిదా పడేది డోసే.

డోసు వాయిదా వేయడం చవక కాదు. ఎక్కించిన యాంటీబాడీలు దాదాపు మూడు వారాల్లో సగానికి పడిపోతాయి. ఆ సందులో న్యుమోనియా పట్టుకుంటే ఆసుపత్రి బిల్లు ఒక ఎత్తు, పదేపదే వస్తే ఊపిరితిత్తులకు జరిగే శాశ్వత నష్టం ఇంకో ఎత్తు.

కాబట్టి ఆ ఎఫ్‌డీ పేరు ఇవాళే మార్చండి. అది పెళ్లి డబ్బు కాదు, బాబు అత్యవసర నిధి. మూడు డోసులకు రూ. 64,500, యార్డు వేసవి సెలవుల్లో ఒక నెల ఇంటి ఖర్చుకు రూ. 29,000, ఆసుపత్రిలో చేరాల్సి వస్తే కట్టే అడ్వాన్సుకు రూ. 56,500. సరిగ్గా లక్షన్నర. గడువు తీరగానే రూ. 50,000 చొప్పున మూడు ఎఫ్‌డీలు చేయండి. అవసరపడితే ఒక్కటే విరగ్గొట్టొచ్చు. నెలకు రూ. 23,300 పోగా మిగిలే రూ. 4,700 కూడా ఈ నిధిలోకే, అది మూడు లక్షలయ్యేదాకా. కొత్త చీటీ వద్దు. పాప పెళ్లి సంగతి ఆ తర్వాత. వాడిన డబ్బును తిరిగి నింపేదాకా ఇంకే పొదుపూ మొదలుపెట్టకండి.

అరుదైన వ్యాధుల జాతీయ విధానం 2021లో మీ బాబు జబ్బు రెండో గ్రూపులో, అంటే దీర్ఘకాలం మందు వాడాల్సిన జబ్బుల జాబితాలో, పేరుతో సహా ఉంది. గుర్తింపు పొందిన కేంద్రాల ద్వారా రూ. 50 లక్షల వరకు సాయం అందుతుంది. మనకు దగ్గర్లో హైదరాబాద్‌లో సీడీఎఫ్‌డీ (డీఎన్‌ఏ పరీక్షల సంస్థ), నిమ్స్ ఆసుపత్రి కలిసి నడిపే కేంద్రం ఉంది. డబ్బు మీ చేతికి రాదు, ఆసుపత్రికే వెళ్తుంది. రిపోర్టులు, ఆధార్, పాత బిల్లులు పట్టుకుని ఈ నెలలోనే వెళ్లండి. మంజూరయ్యేదాకా బండి లాగాల్సింది మీ నిధే. గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రి (జీజీహెచ్)లో వైద్య మిత్రను, అంటే పథకం సహాయకుణ్ని, అడిగి ఎన్టీఆర్ వైద్య సేవలో ఈ మందుకు ప్యాకేజీ ఉందేమో రాయించుకోండి.

ఆరోగ్య బీమా ఇప్పుడు తీసుకున్నా బాబు జబ్బుకు మూడేళ్ల దాకా నిరీక్షణ ఉండొచ్చు. జబ్బు దాచి తీసుకుంటే క్లెయిము రాదు. నాలుగైదు గంటల్లో ఎక్కించి పంపించే మందును డే కేర్‌గా (రాత్రి ఆసుపత్రిలో ఉండనక్కర్లేని చికిత్సగా) ఒప్పుకుంటారా అని సంతకానికి ముందే రాతపూర్వకంగా అడగండి. మీకూ మీ భార్యకూ పాపకూ మాత్రం ఆలస్యం చేయకండి. సంపాదించే మీరు మంచాన పడితే బాబు డోసు ఆగుతుంది. మీ పేరున టర్మ్ పాలసీ (మీరు పోతే ఇంటికి డబ్బొచ్చే జీవిత బీమా) తప్పనిసరి.

డబ్బు మరీ అడ్డం తిరిగితే బ్యాంకులో కాస్త బంగారం పెట్టండి, అదీ ఒక్క డోసుకు సరిపడా. డీలరును మాత్రం ప్రతి నెలా రెండే వయల్స్ తీసుకుంటానని చెప్పి ఐదు శాతమైనా తగ్గించమనండి. నెలనెలా వచ్చే ఖాతా కాబట్టి చాలామంది తగ్గిస్తారు.