కార్తీకం, పెళ్ళి, తుపాను: షుగరున్న పిల్లికి ఇన్సులిన్ వేళ తప్పకుండా చూసుకోవడం

మీరు అడిగింది ఇదీ. ఒడిశా సరిహద్దులోని పర్లాకిమిడిలో ఇల్లు. 9 ఏళ్ళ మగపిల్లి, 5 కిలోలు. గ్లార్జిన్ ఇన్సులిన్ పొద్దున 7కి, రాత్రి 7కి రెండేసి యూనిట్లు వేస్తున్నారు. కార్తీకం అంతా ఇంట్లో నీచు వండరు, మార్గశిరంలో చెల్లెలి పెళ్ళి, ఈలోపు తుపాను వస్తే కరెంటు ఎన్నాళ్ళు పోతుందో తెలీదు. వేళ తప్పితే ఏం చెయ్యాలి, షుగరు పెరిగితే మోతాదు పెంచాలా అని మీ ప్రశ్న.

ముందు ఒక మాట గట్టిగా పట్టుకోండి. ఒక పూట సూది తప్పితే షుగరు కాస్త పెరుగుతుంది, అంతకు మించి ఏమీ కాదు. అదే ఒకే పూట రెండుసార్లు పడితే ప్రాణం మీదికి వస్తుంది. ఇల్లు హడావుడిగా ఉన్న రోజుల్లో ఏ అనుమానం వచ్చినా వెయ్యకుండా ఉండే వైపే మొగ్గండి. "వేశానా, లేదా?" అనిపిస్తే వేసినట్టే లెక్క. సూది గుచ్చాక బొచ్చు తడిగా తగిలి, ఆసుపత్రి కట్టుగుడ్డ వాసన లాంటిది వస్తే మందు కొంత బయటికి పోయినట్టే. ఎంత లోపలికి వెళ్ళిందో ఎవరూ చెప్పలేరు కాబట్టి మళ్ళీ వెయ్యొద్దు, తర్వాతి పూట దాకా ఆగండి.

మీకు పెళ్ళంటే భయంగా ఉంది గానీ, నాకు ఎక్కువ భయం కార్తీకం తిండితోనే. పిల్లి ఒళ్ళు మాంసానికి తయారైంది. చేపలో, కోడిమాంసంలో పిండిపదార్థం దాదాపు ఉండదు. పెరుగన్నం, పాలన్నం అంటే అంతా పిండే. చేపముక్కల మీద బతికే పిల్లికి నెల పాటు పెరుగన్నం పెడితే షుగరు పెరుగుతుంది, చూసి మోతాదు రెండు నుంచి మూడుకి పెంచుతారు. నెల ముగిశాక ఒక్కసారిగా చేపలు మొదలవుతాయి. పిండి తగ్గిపోయింది, మూడు యూనిట్లు మాత్రం అలాగే ఉన్నాయి. షుగరు పడిపోయేది అప్పుడే.

మన సరిహద్దు ఊళ్ళలో దీనికి ఇంకో మెలిక ఉంది. ఒడియా వాళ్ళకి కార్తీకం పున్నమితో అయిపోతుంది, మర్నాడే ఛాడఖాయి, ప్రతి ఇంట్లో చేపో మాంసమో ఉడుకుతుంది. మన కార్తీకం అమావాస్య దాకా ఉంటుంది. అంటే మన వంటింట్లో ఇంకో 15 రోజులు నీచు ఉండదు, పక్కింట్లో మాత్రం చేప తలకాయలు రాలుతుంటాయి. పిల్లి అక్కడ కడుపు నింపుకొని వచ్చి మీ గిన్నె ముట్టదు. తినలేదేమిటని మీరు కంగారు పడతారు, సూది వెయ్యాలో వద్దో తేలదు. అందుకని ఛాడఖాయి నుంచి వారం రోజులు పిల్లిని గడప దాటనివ్వకండి. పక్కింటి వాళ్ళకి కూడా షుగరు సంగతి ముందే చెప్పి ఉంచండి.

అసలు పరిష్కారం పిల్లి తిండి మార్చకపోవడమే. ఇంట్లో ఒప్పుకుంటే సీలు వేసిన తడి తిండి ప్యాకెట్లు పెరట్లో వేరే గిన్నెలో పెట్టండి. వంటింటి గడప తొక్కక్కర్లేదు కాబట్టి పెద్దవాళ్ళు సాధారణంగా దీనికి సర్దుకుంటారు. ప్యాకెట్ మీద ప్రోటీన్, కొవ్వు, తేమ, బూడిద, పీచు శాతాలు ఉంటాయి. అన్నీ కలిపి 100లోంచి తీసేస్తే మిగిలేది పిండి. తక్కువ మిగిలేదే కొనండి. పొడి గింజల్లా వచ్చే తిండిలో (డ్రై ఫుడ్) సాధారణంగా పిండి ఎక్కువ. తప్పనిసరిగా మార్చాల్సి వస్తే వారం పది రోజుల్లో కొంచెం కొంచెంగా మార్చండి, డాక్టరుతో మాట్లాడి రోజూ షుగరు చూడండి. మళ్ళీ చేపల్లోకి తిరిగేటప్పుడు కూడా అదే జాగ్రత్త.

వేళ సంగతి. గంట అటూ ఇటూ అయితే పట్టించుకోవద్దు. రాత్రి 7కి వెయ్యాల్సింది 10కి గుర్తొస్తే రెండు దారులున్నాయి. ఆ పూట వదిలేసి పొద్దున మామూలుగా 7కి వెయ్యడం ఒకటి. 10కి వేసి, పొద్దునది కూడా 10కి జరిపి, రోజూ కొంచెం కొంచెంగా వెనక్కి లాక్కోవడం రెండోది. ఇంట్లో చుట్టాలున్న రోజుల్లో మొదటిదే మేలు, లెక్క తప్పదు. 10కి వేసి మళ్ళీ 7కి మాత్రం వెయ్యకండి. 9 గంటల తేడాలో ఒక మోతాదు మీద ఇంకోటి ఎక్కుతుంది.

పెళ్ళిరోజు రాత్రి 7 అంటే ఎదురుకోలు వేళ, ఎవరికీ తీరిక ఉండదు. వారం ముందు నుంచే రోజుకి 15 నిమిషాల చొప్పున రెండు పూటలూ ముందుకు జరపండి. నాలుగు రోజుల్లో 6కి వస్తుంది. పెళ్ళయ్యాక అలాగే వెనక్కి తీసుకెళ్ళండి.

పిల్లిని మండపానికి తీసుకెళ్ళొద్దు. ఇంట్లో ఒక గదిలో గొళ్ళెం పెట్టి, నీళ్ళు, ఇసుక తొట్టి, దాని పాత దుప్పటి ఉంచండి. గది తలుపు మీద తెలుగులోనూ ఒడియాలోనూ "పిల్లికి ఏమీ పెట్టకండి" అని అంటించండి. నోరు లేని జీవం కదా అని చుట్టాలు లడ్డూ ముక్క, పాలు పెట్టేస్తారు. వాళ్ళది ప్రేమే, మనమే ముందు చెప్పుకోవాలి.

సూది వేసే బాధ్యత పెళ్ళిపనులు లేని ఒక్కరికే అప్పగించండి. ఆ మనిషి చేత ముందు వారంలో కనీసం మూడుసార్లు మీ కళ్ళ ముందు వేయించండి. ఇద్దరు చూసుకుంటారులే అనుకున్న ఇళ్ళలోనే రెండుసార్లు పడుతుంది. చీటీ మీద టిక్కు పెట్టడం చాలామంది చెబుతారు, హడావుడిలో టిక్కు మర్చిపోతారు. నేను నమ్మేది సిరంజిల లెక్క. వారం మాత్రల డబ్బా లాంటి 14 అరల డబ్బా ఒకటి తీసుకొని, అరకొక ఖాళీ సిరంజి పెట్టండి. మిగతా సిరంజిలన్నీ బీరువాలో పెట్టి తాళం వెయ్యండి. మంగళవారం రాత్రి అర ఖాళీగా ఉంటే సూది అయిపోయినట్టే. వాడినవి మూత బిగిసే గట్టి ప్లాస్టిక్ సీసాలో వెయ్యండి.

సిరంజి దగ్గర జరిగే తప్పు అన్నిటికన్నా ప్రమాదం. గ్లార్జిన్ మిల్లీలీటరుకి 100 యూనిట్లు, దాని సిరంజి మూత నారింజ రంగు. మన మందుల షాపుల్లో ఎక్కువగా దొరికే ఎర్రమూత సిరంజి మిల్లీలీటరుకి 40 యూనిట్లుండే ఇన్సులిన్‌కి చేసింది. గ్లార్జిన్‌ని ఎర్రమూత దాంట్లో రెండో గీత దాకా లాగితే పిల్లి ఒంట్లోకి వెళ్ళేది 5 యూనిట్లు. మీకు కావలసింది నారింజ మూతల్లోనే మొత్తం 30 యూనిట్లు పట్టే చిన్న సిరంజి, అర యూనిట్ గీతలున్నది. రెండు యూనిట్లంటే 0.02 మిల్లీలీటరు, ఆవగింజంత గాలి బుడగ ఉన్నా మోతాదు తగ్గిపోతుంది. సూదిని పైకి పట్టి గోటితో తట్టి, బుడగ బయటికి పోయాక గీత చూడండి. షాపులో గ్లార్జిన్ లేదని రెండు రకాల ఇన్సులిన్ కలిపిన 30/70 మిక్స్ గానీ, మిల్లీలీటరుకి 300 యూనిట్లుండే గ్లార్జిన్ గానీ ఇస్తే తీసుకోవద్దు. గ్లార్జిన్‌లో నీళ్ళు గానీ ఇంకో ఇన్సులిన్ గానీ కలపకూడదు. దాని ఆమ్లగుణం వల్లే అది చర్మం కింద గడ్డకట్టి మెల్లగా కరుగుతుంది, కలిపితే ఆ పని చెడుతుంది.

పెళ్ళిరోజుల్లో, దీపావళి టపాకాయల రోజుల్లో షుగరు 300 దాటి కనిపించినా మోతాదు పెంచకండి. భయపడ్డ పిల్లికి ఆ భయానికే షుగరు ఎగురుతుంది. ఇల్లు సద్దుమణిగాక ఆ పెంచిన మోతాదే దాన్ని కింద పడేస్తుంది. గ్లార్జిన్ మోతాదు నిర్ణయించేది సూదికీ సూదికీ మధ్య షుగరు ఎంత కిందికి దిగిందన్న దాన్ని బట్టి, అదీ నాలుగైదు రోజులు చూసి, డాక్టరుతో మాట్లాడి.

వెయ్యబోయే ముందు తిండి చూడండి. మామూలుగా తింటే పూర్తి మోతాదు. సగమే తింటే సగం మోతాదు వెయ్యాలా అన్నది మీ డాక్టరుతో ముందే మాట్లాడి కాగితం మీద రాయించుకోండి. అసలు తినకపోతే, వాంతి చేసుకుంటే వెయ్యకుండా ఫోన్ చెయ్యండి. సూదికి ముందు ఎంత కన్నా తక్కువుంటే ఆపాలో ఆ అంకె కూడా రాయించుకోండి. అంకె ఇవ్వకపోతే, కొత్తవాళ్ళు వేస్తున్న రోజుల్లో 200 లోపు ఉంటే ఆగి అడగడం మంచిది. మనుషుల గ్లూకోమీటరు పిల్లి రక్తంలో ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది, కాబట్టి మధ్యలో మీటరు మార్చకండి.

తుపానుకి వస్తే, 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ మన గజపతి జిల్లాని ఏం చేసిందో మీకు చెప్పక్కర్లేదు. దారులు తెగితే మందు రాదు. అక్టోబరు మొదట్లోనే ఒక గ్లార్జిన్ కార్ట్రిడ్జ్ అదనంగా, నెలకి 60 సిరంజిలు, పది రోజుల తిండి, మీటరు పట్టీలు తెచ్చి ఉంచండి. పట్టీల డబ్బా మూత గట్టిగా బిగించండి, గాలిలో తేమకి పాడవుతాయి.

కరెంటు పోతే కంగారు పడకండి. తెరవకుండా ఉంచితే ఫ్రిజ్ నాలుగు గంటల దాకా చల్లగా ఉంటుంది. గ్లార్జిన్ 30 డిగ్రీలు దాటనంత వరకు బయట 28 రోజులు పనిచేస్తుంది. మట్టికుండలో తడి ఇసుక పోసి, అందులో చిన్న ముంత దించి, ముంతలో మందు పెట్టి తడిగుడ్డ కప్పి, గాలి ఆడే నీడలో ఉంచండి. అసలు ప్రమాదం ఐసుతో. మందుకి ఐసు తగిలి ఒక్కసారి గడ్డకడితే, కరిగాక చూపుకి అలాగే ఉన్నా పారెయ్యాల్సిందే. ఒక తలుపు ఫ్రిజ్‌లో ఫ్రీజరు కింద ఉండే ట్రేలో కూడా పెట్టకండి, తలుపు అరలో పెట్టండి. గ్లార్జిన్ నీళ్ళలా తేటగా ఉండాలి, మసకబారితే వాడొద్దు.

రెండు పూటలు వరసగా తప్పితే ఆ రోజే డాక్టరుకి చెప్పండి. దాంతో పాటు పిల్లి తినకుండా, మందకొడిగా పడుంటే ఇసుక లేని ఖాళీ తొట్టిలో పోసిన మూత్రాన్ని కీటోన్ పట్టీతో (ఇన్సులిన్ చాలనప్పుడు మూత్రంలో చేరే కీటోన్లని చూపించే పట్టీ) చూడండి. ఊదారంగు వస్తే ఆలస్యం చెయ్యకుండా పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. బరంపురం దారి తెగితే పాతపట్నం వైపు ఎవరున్నారో నంబరు ముందే సంపాదించుకోండి. దురదకో వాపుకో స్టెరాయిడ్ సూది వెయ్యబోతే షుగరుందని మీరే ముందు చెప్పండి, స్టెరాయిడ్ షుగరుని పెంచేస్తుంది.

షుగరు పడిపోతే గుర్తులు ఇవి: ఉన్నట్టుండి విపరీతమైన ఆకలి, తూలడం, చూపు ఒకచోటే నిలిచిపోవడం, వణుకు, ఆఖరికి ఫిట్స్. మీటరు దొరక్కపోతే దాని కోసం వెతుక్కోవద్దు. తినగలిగితే వెంటనే దాని తిండి పెట్టండి. తినలేకపోతే తేనె గానీ, రెండు చుక్కల నీళ్ళతో చిక్కగా కలిపిన గ్లూకోజు పొడి గానీ వేలితో తీసి పెదవి లోపల చిగుళ్ళ మీద రుద్దండి. నోట్లో పొయ్యొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఫిట్స్‌లో ఉంటే పళ్ళ మధ్య వేలు పెట్టకండి. 15 నిమిషాలకి షుగరు చూడండి, 60 లోపు ఉంటే మళ్ళీ రుద్దండి. తేరుకుందని వదిలెయ్యకండి. గ్లార్జిన్ ఇంకా లోపల పనిచేస్తూనే ఉంటుంది, రెండోసారి పడొచ్చు. గంటకోసారి చూస్తూనే డాక్టరు దగ్గరికి బయల్దేరండి. తేనె సీసా, గ్లూకోజు పొడి సిరంజిల డబ్బా పక్కనే పెట్టి, పెళ్ళిరోజు సూది వేసే మనిషికి చూపించి వెళ్ళండి.