ఊళ్లో నాన్న వరికి షాపులో ఇచ్చిన మందే కొడుతున్నాడు, హైదరాబాద్‌లో ఉండి నేనేం చేయగలను?

మీ ప్రశ్న చదవగానే మా ఇల్లే గుర్తొచ్చింది. నేనుండేది ఎల్బీనగర్‌లో, పొలం చౌటుప్పల్ వైపు. రెండున్నర ఎకరాలు, బోరు కింద వరి. చేసేది మా నాయన.

మందు ఎంచుకునేది చాలావరకు రైతు కాదండీ, షాపు. దానికి కారణం తెలియకపోవడం ఒక్కటే కాదు, ఉద్దెర. నాట్లప్పుడు యూరియా, డీఏపీ ఖాతాలో తెచ్చుకున్న మనిషికి, ఆ తర్వాత "ఈ మందు వద్దు సేటూ, అది ఇయ్యి" అనడానికి నోరు రాదు. మా నాయన "ఆకు ముడుచుకుంటుంది, ఏదన్నా మందియ్యి" అంటాడు. రెండు సీసాలు, పైన ఒక టానిక్ సంచిలో పడతాయి. పొలం చూసినవాళ్లు ఎవరూ ఉండరు.

ఒక వానకాలం సాంబ మసూరి వేశాం. నాటిన నెలన్నరకు ఆకుముడత వచ్చింది. షాపులో ఇచ్చిన సీసాల్లో ఒకటి సింథటిక్ పైరిత్రాయిడ్ (మంచి పురుగు, చెడ్డ పురుగు తేడా లేకుండా చంపే రకం) కలిసిన మందు. ఆకుముడత పోయింది, నాయన సంతోషపడ్డాడు. పంట ఈనే సమయానికి మడి మధ్యలో చాప పరిచినట్టు గుండ్రంగా ఎండిపోయింది. నేను వెళ్లేసరికే రెండుసార్లు మందు కొట్టాడు, అదీ పైపైన. మడిలోకి దిగి దుబ్బు విడదీసి చూశాను. నీళ్లకు కొంచెం పైన, నువ్వుగింజంత గోధుమరంగు పురుగులు కాండం చుట్టూ అంటుకుని ఉన్నాయి. చేత్తో తడితే నీళ్లలోకి రాలాయి. అది సుడిదోమ, కాండం రసం పీల్చే పురుగు.

మర్నాడు సెలవు పెట్టి, దుబ్బు పీకి కవర్లో వేసుకుని రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థకు వెళ్లాను. అక్కడి శాస్త్రవేత్త మొదట మందు పేరు చెప్పలేదు, "దుబ్బుకు ఎన్ని ఉన్నాయి?" అని అడిగారు. నేను లెక్కపెట్టలేదు. పిలకల దశలో దుబ్బుకు 10-15, ఈనిన తర్వాత 20-25 దాటితేనే మందు అవసరమట. పైరిత్రాయిడ్లు కొడితే దోమను తినే సాలీళ్లు, మిరిడ్ నల్లులు చచ్చిపోతాయి. ఇక దోమకు అడ్డుండదు, కొట్టకముందు కన్నా ఎక్కువ పెరుగుతుంది. మా మడిలో జరిగింది అదేనని అప్పుడు అర్థమైంది. నీళ్లు తీసేసి, పైమెట్రోజిన్ 50 శాతం మందు ఎకరాకు 120 గ్రాములు, 200 లీటర్ల నీళ్లలో, దుబ్బు అడుగు తడిసేలా కొట్టమన్నారు.

ఆ 200 లీటర్ల దగ్గరే మరో తప్పు దొరికింది. నాయన 16 లీటర్ల ట్యాంకుతో ఎకరాన్ని ఆరు ట్యాంకుల్లో ముగిస్తాడు. అంటే వంద లీటర్లు కూడా కాదు. అడుగున ఉన్న పురుగుకు చుక్క కూడా తగలదు. మరుసటి ఏడు నుంచి ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట వదులుతున్నాం. గాలి ఆడుతుంది, మనిషి లోపలిదాకా వెళ్లి కొట్టగలడు.

మీరు చేయగలిగిన పెద్ద సాయం నా దృష్టిలో డబ్బే. సీజన్ మొదట్లోనే కొంత పంపండి. నగదు పెట్టి కొనేవాడికి షాపులో వేరే మర్యాద ఉంటుంది, ఇది కళ్లారా చూశాను. రెండోది, కొనే ముందు సీసా ఫొటో తెప్పించుకోండి. పెద్ద అక్షరాల్లో ఉండే పేరు వదిలేసి, కింద చిన్నగా రాసిన అసలు మందు పేరు చూడండి. ఒకే మందు పది పేర్లతో అమ్ముతారు, పోయినవారం కొట్టిందే మళ్లీ కొంటున్నామని తెలియదు. బ్యాచ్ నంబరుతో బిల్లు తప్పనిసరిగా తీసుకోమనండి, మందు పనిచేయకపోతే ఫిర్యాదుకు అదే ఆధారం. లేబుల్ మీద ఎర్ర త్రికోణం ఉంటే అన్నిటికన్నా ప్రమాదకరమైన విషం, అది నాన్నతో కొట్టించకండి. ఏ మందుకైనా సరే మాస్కు, చేతులకు తొడుగులు, నిండు చొక్కా ఉండాలి. మా నాయన బనియన్ మీద కొట్టి, రాత్రంతా తల తిరుగుతోందని పడుకున్న రోజు నాకు ఇంకా గుర్తుంది.

షాపుకు వెళ్లే ముందే కిసాన్ కాల్ సెంటర్‌కు, 1800-180-1551కి, ఫోన్ చేయమనండి. తెలుగులోనే మాట్లాడతారు. మీ దగ్గర అగ్గితెగులు ఎక్కువైతే వచ్చే పంటకు తెలంగాణ సోనా అనే వరి రకం ఆలోచించండి, అది ఆ తెగులును తట్టుకుంటుంది.

ఇప్పుడు మీ పొలంలో ఏ రకం ఉంది, నాటి ఎన్ని రోజులైంది? నాన్నను నాలుగైదు చోట్ల దుబ్బులు విడదీసి చూడమని చెప్పి, అడుగు భాగం ఫొటోలు ఇక్కడ పెట్టండి.