వేడి తగిలిన కాలేయ కణాలు తమ గుర్తింపును కోల్పోయినట్టేనా? (సమాధానం)

తిరుపతి మే ఎండల్లో కరెంటు పోయి, ఇంక్యుబేటర్ 42 డిగ్రీలకు చేరాక మీ హెప్‌జీ2 కణాల్లో (ల్యాబ్‌లో పెంచే మానవ కాలేయ క్యాన్సర్ కణాలు) ఆల్బుమిన్ (కాలేయ కణాలు తయారుచేసే ప్రొటీన్) ఆర్‌ఎన్‌ఏ బాగా పడిపోయిందనీ, అవి కాలేయ కణాల స్వభావాన్నే కోల్పోయాయేమోననీ అడిగారు. ఆ ఒక్క కొలతతో అలా తేల్చకండి.

వేడికి ప్రొటీన్ల మడతలు చెదిరినప్పుడు, అంతవరకు షాపెరోన్ల (ఇతర ప్రొటీన్లు సరిగా మడతపడేందుకు తోడ్పడే ప్రొటీన్లు) అదుపులో ఉన్న హెచ్‌ఎస్‌ఎఫ్1 అనే నియంత్రక ప్రొటీన్ విడుదలై, మూడేసి అణువులుగా కూడి డీఎన్‌ఏను పట్టుకుని, హెచ్‌ఎస్‌పీ70 (ఒక షాపెరోన్) వంటి జన్యువులను ఉధృతంగా పనిచేయిస్తుంది. అదే సమయంలో వేలాది ఇతర జన్యువుల నుంచి ఆర్‌ఎన్‌ఏ తయారీ తగ్గుతుంది, స్ప్లైసింగ్ (ఆర్‌ఎన్‌ఏలోంచి ఇంట్రాన్లనే భాగాలను కత్తిరించి మిగతావాటిని అతకడం) కూడా కుంటుపడుతుంది. ఈ అణచివేత చాలావరకు హెచ్‌ఎస్‌ఎఫ్1 లేకుండానే జరుగుతుందన్నది నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది.

కాలేయ కణపు గుర్తింపును నిలిపేవి హెచ్‌ఎన్‌ఎఫ్4ఆల్ఫా వంటి జన్యు నియంత్రక ప్రొటీన్లు. అందువల్ల కణాలను 37 డిగ్రీల వద్ద 24, 48 గంటలు కోలుకోనిచ్చి, హెచ్‌ఎస్‌పీ70, హెచ్‌ఎన్‌ఎఫ్4ఆల్ఫా, ఆల్బుమిన్‌లతో పాటు ఆల్బుమిన్ ఇంట్రాన్ భాగాన్ని (కొత్తగా తయారవుతున్న ఆర్‌ఎన్‌ఏకు గుర్తు) కూడా క్యూపీసీఆర్‌తో (ఆర్‌ఎన్‌ఏ మోతాదును కొలిచే పద్ధతి) కొలిచి, వేడి తగలని అదే పాసేజీ (కణాలను కొత్త పాత్రలోకి మార్చి పెంచే విడత) కణాలతో పోల్చండి. హెచ్‌ఎస్‌పీ70 దిగి, మిగిలినవి లేస్తే అది తాత్కాలిక స్పందనే. రెండు మూడు పాసేజీల తరువాత కూడా హెచ్‌ఎన్‌ఎఫ్4ఆల్ఫా లేవకపోతేనే గుర్తింపు మారిందని అనుమానించాలి. అప్పుడు కూడా వేడికి తట్టుకున్న కొన్ని కణాలే మిగిలి పెరిగాయేమో ముందుగా పరిశీలించండి.