ర్యాలీ డ్రైవర్ అవ్వాలంటే ముందు ఎడమ సీట్లో కూర్చోండి

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: నేను బీటెక్ రెండో సంవత్సరం చదువుతున్నాను. పద్దెనిమిది నిండగానే లైసెన్స్ తీసుకున్నాను. నేషనల్ లెవెల్ ర్యాలీ డ్రైవర్ అవ్వాలన్నది నా కోరిక. ఎక్కడ మొదలుపెట్టాలి, ఎంత ఖర్చవుతుంది, దీన్ని కెరీర్ అనుకోవచ్చా? ఇంట్లో అడిగితే ముందు డిగ్రీ పూర్తి చెయ్యమంటున్నారు.
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: తమ్ముడూ, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నీ వయసులో నేనూ ఇదే ప్రశ్న పట్టుకుని తిరిగాను, చెప్పేవాళ్లు దొరకలేదు. తర్వాత ఆరేడేళ్లు కో-డ్రైవర్‌గా, అంటే డ్రైవర్ పక్కన కూర్చుని నోట్స్ చదివే మనిషిగా, దక్షిణాది ర్యాలీలన్నీ తిరిగాను కాబట్టి తెలిసింది తెలిసినట్టు చెప్తాను.

ముందు ర్యాలీ అంటే ఏంటో సరిగ్గా తెలుసుకో. అన్ని కార్లనీ ఒకేసారి వదిలితే ఎవరు ముందొస్తే వాళ్లు గెలవడం సర్క్యూట్ రేసు. ర్యాలీలో ఒకటి రెండు నిమిషాల తేడాతో ఒక్కో కారే బయల్దేరుతుంది, పోటీ అంతా గడియారంతోనే. ట్రాఫిక్ రాకుండా మూసేసి టైమ్ కట్టే రోడ్డు ముక్కని స్పెషల్ స్టేజ్ అంటారు. మన దగ్గర అది చాలావరకు మట్టి రోడ్డే: చిక్కమగళూరు వైపైతే కాఫీ తోటల మధ్య, కోయంబత్తూరు వైపైతే కేతనూర్ గాలిమరల కింద. ఒక స్టేజ్ నుంచి ఇంకో స్టేజ్‌కి మాత్రం మామూలు రోడ్డు మీదే వెళ్లాలి, హెల్మెట్ తీసేసి బస్సుల వెనక, ట్రాక్టర్ల వెనక, సిగ్నల్ దగ్గర ఆగుతూ. ఆ దారికీ టైమ్ ఉంటుంది. ఆ టైమ్ రాసుకునే కార్డు కో-డ్రైవర్ చేతిలో ఉంటుంది. దాని మీద 8:41 అని ఉంటే 8:41లోనే టైమ్ కంట్రోల్, అంటే టైమ్ నమోదు చేసే చోటు, దగ్గర కార్డు ఇవ్వాలి. ఒక నిమిషం ఆలస్యమైతే 10 సెకన్ల పెనాల్టీ, అదే ఒక నిమిషం ముందే ఇచ్చేస్తే ఏకంగా 60 సెకన్లు. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని స్టేజ్‌లో సంపాదించిన సెకన్లన్నీ తొందరపడి ఒక్క కార్డు ఇచ్చినందుకు పోయిన వాళ్లని చూశాను.

ఇక అసలు విషయం నోట్స్. ర్యాలీకి ముందు రెక్కీ ఉంటుంది, అంటే మామూలు కారులో నెమ్మదిగా స్టేజ్ అంతా రెండుసార్లు తిరిగి డ్రైవర్ ప్రతి మలుపునీ చెప్తుంటే కో-డ్రైవర్ పెన్సిల్‌తో రాసుకోవడం. పెన్సిలే ఎందుకంటే రెండో రౌండ్‌లో సగం చెరిపి మళ్లీ రాయాలి. మలుపుకి ఒకటి నుంచి ఆరు దాకా నంబర్, ఒకటంటే దాదాపు వెనక్కి తిరిగేంత మలుపు, ఆరంటే కాలు తియ్యకుండా వెళ్లిపోయేది. "రైట్ ఫోర్ ఓవర్ క్రెస్ట్, ఫిఫ్టీ, లెఫ్ట్ త్రీ, డోంట్ కట్" అన్నానంటే, గుట్ట ఎక్కుతూనే కుడికి తిరుగు, అవతల ఏముందో కనబడదు, అక్కణ్నుంచి యాభై మీటర్లకి ఎడమ మలుపు, లోపలి అంచు మీదుగా అడ్డంగా వెళ్లకు, అక్కడ రాయో గుంటో ఉంది అని. గుట్ట అవతల ఏముందో కనబడకముందే డ్రైవర్ స్టీరింగ్ తిప్పేయాలి, నా మాట మీద నమ్మకంతో.

నా మొదటి ర్యాలీలో రెండో రోజు వాన పడింది. తడి చేత్తో తిప్పడంతో రెండు పేజీలు అతుక్కుపోయి ఒక పేజీ చదవకుండా దాటేశాను. నేను చదువుతున్నది ఎదురుగా ఉన్న రోడ్డు కాదని అర్థమవగానే నోరు పెగల్లేదు. మా డ్రైవర్ తిట్టలేదు, బ్రేక్ మీద కాలేసి "ఎక్కడున్నాం?" అని మాత్రం అడిగాడు. నాకు చోటు దొరికేసరికి అర నిమిషం పోయింది, కానీ కారు రోడ్డు మీదే ఉంది. అదే ఆయన పంతానికి పోయి కళ్లతో చూసుకుంటూ అదే స్పీడులో వెళ్లుంటే ఏ తోటలోనో దిగేవాళ్లం. ఫినిష్ లైన్ దాకా కారు తెచ్చేవాడే ర్యాలీ డ్రైవర్ అని నాకు ఆ రోజు తెలిసింది, స్పీడు దాని తర్వాతే.

అందుకే చెప్తున్నా, ముందు ఎడమ సీట్లో, అంటే కో-డ్రైవర్ సీట్లో, కూర్చో. మొదట టీఎస్‌డీ ర్యాలీలకి వెళ్లు. టైమ్, స్పీడ్, డిస్టెన్స్ అని, ఇచ్చిన దారిలో ఇచ్చిన సగటు వేగంతో వెళ్లడమే పోటీ, మామూలు కారుతో మామూలు రోడ్డు మీద, స్నేహితుడితో కలిసి చేసెయ్యొచ్చు. లెక్క, ఓపిక, కార్డు విలువ అన్నీ అక్కడే ఒంటబడతాయి. తర్వాత ఆటోక్రాస్, అంటే మైదానంలో వేసిన మట్టి ట్రాక్ మీద ఒక్కో కారూ టైమ్ కోసం తిరగడం. కారు పక్కకి జారుతుంటే చేతులు ఏం చెయ్యాలో అక్కడ నేర్చుకోవాలి. ఆ మధ్యలోనే ఎవరికైనా కో-డ్రైవర్‌గా వెళ్లు, అదీ దొరక్కపోతే సర్వీస్ పార్కులో, అంటే స్టేజ్‌ల మధ్య కార్లు బాగుచేసే చోట, టైర్లు మార్చడానికైనా వెళ్లు. పోటీ లైసెన్స్ ఇచ్చేది ఎఫ్ఎంఎస్‌సీఐ, అంటే మన దేశంలో మోటార్ స్పోర్ట్స్ క్లబ్బుల సమాఖ్య, 1971లో పెట్టిన సంస్థ, ఆఫీసు చెన్నైలో. దానికి మెడికల్ సర్టిఫికెట్ ఇవ్వాలి. జాతీయ ఛాంపియన్‌షిప్‌లో కుర్రాళ్ల కోసం జూనియర్ టైటిల్ విడిగా ఉంటుంది, నీ గురి ముందు దాని మీద పెట్టు.

ఖర్చు సంగతి దాచను. హెల్మెట్, మెడని కాపాడే హాన్స్, మంటకి తట్టుకునే సూటు, లోపలి బట్టలు, గ్లౌజులు, బూట్లు, ఇవే లక్ష దాటిపోతాయి. కారుకి రోల్ కేజ్ (బోల్తా పడినా లోపలివాళ్లని కాపాడే ఇనప చట్రం), రేస్ సీట్లు, ఆరు చోట్ల బిగించే సీటు బెల్టులు, సస్పెన్షన్, ర్యాలీకి ర్యాలీకి టైర్లు. మొదట్లోనే కారు కట్టించుకోకు, తయారుగా ఉన్న కారుని ర్యాలీ వరకు అద్దెకిచ్చే గ్యారేజీలు బెంగళూరులో, కోయంబత్తూరులో ఉన్నాయి. అద్దె కారుకి డ్యామేజీ డిపాజిట్ ఎంతో, బోల్తా పడితే ఎవరు కట్టాలో కాగితం మీద రాయించుకో. నాకు తెలిసిన ఒక కుర్రాడు నోటిమాట మీద తీసుకుని, తల్లి బంగారం కుదువ పెట్టి కట్టాడు, అది ఇప్పటికీ నాకు బాధే.

కెరీర్ అంటావా, అవుతుంది, కానీ చాలా కొద్దిమందికే. 90ల్లో హరి సింగ్ జిప్సీ తోలుతూ ఐదుసార్లు జాతీయ ఛాంపియన్ అయ్యాడు. ఢిల్లీ నుంచి వచ్చిన గౌరవ్ గిల్ 2013లో, మళ్లీ 2016, 2017ల్లో ఆసియా పసిఫిక్ ఛాంపియన్, 2019లో అర్జున అవార్డు, మోటార్ స్పోర్ట్స్‌లో అది అందుకున్న మొదటి మనిషి. వాళ్ల వెనక టైర్ కంపెనీలు, కార్ల కంపెనీలు నిలబడ్డాయి. మిగతావాళ్లలో ఎక్కువమందికి ఎస్టేటో, గ్యారేజో, వ్యాపారమో, ఉద్యోగమో ఉంది, ర్యాలీ దాని మీద నడుస్తుంది. స్పాన్సర్ దగ్గరికి వెళ్లాలన్నా ముందు రెండు సీజన్లు పూర్తి చేసిన రిజల్టులు చేతిలో ఉండాలి. కాబట్టి డిగ్రీ పూర్తి చెయ్యి, అందులోనూ మెకానికలైతే ఇంకా మంచిది. అమ్మానాన్నా నీకు అడ్డు చెప్పడం లేదు, డిగ్రీ అయ్యేదాకా టైమ్ ఇస్తున్నారు, ఆలోపు టీఎస్‌డీలు, ఆటోక్రాస్ చేసుకోవచ్చు.

ప్రశ్న: మా అబ్బాయి రాత్రిపూట స్నేహితులతో హైవే మీద రేసులు వేస్తున్నాడు. అడిగితే ర్యాలీకి ప్రాక్టీస్ అంటాడు. నిజమేనా?
– ఒక అమ్మ, విజయవాడ

జవాబు: కాదమ్మా. ర్యాలీ వాళ్లెవరూ జనం తిరిగే రోడ్డు మీద ప్రాక్టీస్ చెయ్యరు, చేశారని తెలిస్తే మా వాళ్లు దగ్గరికి రానివ్వరు. మోటార్ వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద అనుమతి లేని రేసుకి మొదటిసారి 5,000 రూపాయల జరిమానా, మూడు నెలల దాకా జైలు కూడా ఉంది. మీ కారు ఇన్సూరెన్స్ పాలసీ ఒకసారి తీసి చూడండి, రేసింగ్‌కి, స్పీడ్ టెస్టింగ్‌కి వాడితే వర్తించదని అందులోనే ఉంటుంది. ఇంకో మాట చెప్పాలి. 2019 సెప్టెంబర్‌లో రాజస్థాన్‌లోని బాడ్మేర్ దగ్గర, అనుమతులు తీసుకుని, మనుషుల్ని పెట్టి మూసేసిన స్టేజ్‌లోకి బైకు మీద ఒక కుటుంబం వచ్చేసింది, ర్యాలీ కారు తగిలి ముగ్గురు చనిపోయారు. మూసేసిన రోడ్డు మీదే ఇలా జరిగినప్పుడు తెరిచిన హైవే సంగతి మీ అబ్బాయికి చెప్పండి. నిజంగా ఆసక్తి ఉంటే పైన ఆ ఖమ్మం తమ్ముడికి రాసింది చదివించండి.

ప్రశ్న: కారులో పుస్తకం చదివితే నాకు కడుపులో తిప్పుతుంది. కో-డ్రైవర్ అవ్వగలనా? అమ్మాయిలు ఇందులో ఉన్నారా?
– డిగ్రీ విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: తిప్పడం చాలావరకు అలవాటుతో తగ్గుతుంది. నాకూ మొదట్లో అంతే. ఘాట్ రోడ్డులో నెమ్మదిగా వెళ్తున్న కారులో రోజూ పది నిమిషాలు చదువుతూ పెంచుకుంటూ పోయాను, ర్యాలీకి ముందు నూనె తిండి మానేశాను. ఇక అమ్మాయిల గురించి: 1981లో ఇటలీలోని సాన్‌రెమో ర్యాలీ గెలిచిన మిషెల్ మూటన్ ఫ్రాన్స్ మహిళ, పక్కన నోట్స్ చదివిన ఫాబ్రిజియా పోన్స్ ఇటలీ మహిళ. ఆ మరుసటి ఏడాది మూటన్ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో రెండో స్థానంలో నిలిచింది. ఇందులో ఆడవాళ్లకి వేరే స్టేజ్, వేరే గడియారం లేవు, నాకు ఈ ఆట మీద అంత గౌరవం ఉండటానికి అదొక కారణం.

ప్రశ్న: తెలుగువాళ్లెవరైనా ఉన్నారా ఇందులో?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: ఉన్నారు. హైదరాబాద్ నుంచి నవీన్ పులిగిల్ల జాతీయ ఛాంపియన్‌షిప్‌లో పోటీ చేశాడు. కానీ స్టేజీలు, గ్యారేజీలు, క్లబ్బులు ఎక్కువగా కర్ణాటక, తమిళనాడుల్లోనే ఉండటంతో మనవాళ్లు ప్రతి ర్యాలీకీ రాత్రంతా ప్రయాణం చేసి వెళ్లాల్సి వస్తోంది. అరకులోనో, నల్లమల అంచునో ఒక స్టేజ్ చూడాలని నాకు చాలా ఆశ.

ప్రశ్న: ర్యాలీ చూడ్డానికి పిల్లలతో వెళ్తున్నాం. ఎక్కడ నిలబడాలి?
– ఒక పాఠకురాలు, హిందూపురం

జవాబు: స్టేజ్ మూసేయకముందే చేరుకోండి, తర్వాత లోపలికి పంపరు. మలుపు బయటి వైపు ఎప్పుడూ నిలబడొద్దు, జారిన కారు అటే వస్తుంది. రోడ్డుకి దూరంగా గట్టు మీద, మార్షల్, అంటే స్టేజ్ దగ్గర కాపలా ఉండే మనిషి, చూపించిన చోటే ఉండండి. పిల్లల చేతులు వదలొద్దు, ఒక కారు వెళ్లిపోయిందని రోడ్డు దాటొద్దు, ఇంకోటి నిమిషంలో వస్తుంది. విజిల్ వినబడితే కారు దగ్గరికొచ్చేసిందని అర్థం. దుమ్ముకి మొహానికి చున్నీ, పిల్లలకి టోపీలు, నీళ్లు మర్చిపోకండి.