సమాధానం: తెల్లవారుజామున నడక వారం దాటి సాగడం లేదు

తెల్లవారుజామున లేచి నడక మొదలుపెట్టినా వారం దాటి సాగడం లేదని, లోపం ఎక్కడుందని అడిగారు. లోపం మీ పట్టుదలలో లేదు. రాత్రి పదకొండున్నరకు వంటిల్లు సర్ది పడుకుని నాలుగున్నరకు లేస్తున్నారు. నడక సమయాన్ని నిద్రలోంచి కోస్తున్నారన్నమాట; మిగిలేది ఐదు గంటలే. పెద్దలకు కనీసం 7 గంటల నిద్ర కావాలి.

1. అలారం ఆరున్నరకు మార్చండి.

2. ఇంట్లో ఒక పనిని పూర్తిగా మీవారికి అప్పగించండి. చాలామంది తప్పేది ఇక్కడే. "కాస్త సాయం చేయండి" అంటే చేయడం ఆయన వంతు, గుర్తుంచుకోవడం మీ వంతు అవుతుంది. పిల్లల టిఫిన్ డబ్బాలే తీసుకోండి: కూరగాయలు తేవడం, ఏం పెట్టాలో ఆలోచించడం, డబ్బా కడగడం అన్నీ ఆయనవే. మొదటి రెండు వారాలు ఉప్పు ఎక్కువైనా, చెంచా మరిచినా మీరు సరిదిద్దకండి. సరిదిద్దారా, పని మళ్లీ మీ చేతికే వస్తుంది. అత్తగారు ఏమైనా అంటే జవాబూ ఆయనే చెప్పాలి. ఈ మాట ముందే అనుకోండి.

3. అలా మిగిలిన సమయంలో వేగంగా నడవండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది వారానికి కనీసం 150 నిమిషాలు. ఒకేసారి అక్కరలేదు. భోజన విరామంలో పావుగంట, పాపను ట్యూషన్‌లో దింపాక పావుగంట, అవీ లెక్కకు వస్తాయి.

నెల గడిచినా అలసట తగ్గకపోతే వైద్యులను అడిగి హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోండి.